పనోళ్లు రాలేదంటే, ఎందుకు రాలేదో అడగండి
(కూలీల సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పట్నాల్లో పెద్ద కంపెనీల వాళ్లు ఒక మాట అంటాండారు. తెలివైన పనివాళ్లు దొరకాలన్నా, దొరికినోళ్లు నిలవాలన్నా జీతం ఒక్కటే చాలదంట. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, కాన్పుకు జీతంతో సెలవు, క్యాంటీను, పిల్లల్ని చూసుకునే గది, తీసుకుపోను బస్సు ఇయ్యాలంట. మంచిదే. మరి మన ఊరి ఆసామి ఏమంటాడు? "కూలోళ్లకు కొవ్వు పట్టింది, పిలిస్తే రావడం లేదు" అంటాడు. కంప్యూటరు ముందు కూచునేటోడు రాకపోతే వసతులు పెంచాల. కలుపు తీసే ఆమె రాకపోతే ఆమెకు కొవ్వు! ఈ రెండు నీతులు ఎందుకు పుట్టినాయి? కులం ఉంది గనుక పుట్టినాయి.

మిరపకోత కాలం వస్తే ఏం జరుగుతుందో చూడండి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లకు మేస్త్రీలు వస్తారు. బండి పెడతారు, గుడిసె వేసుకోను జాగా చూపిస్తారు, చేతిలో అడ్వాన్సు పెడతారు. మనం గుంటూరు వైపు సుగ్గికి పోతాం. ఇదీ పనోళ్లను రప్పించుకునే పద్ధతే. కానీ ఈ మూట విప్పి చూడాల. తాగే నీళ్లు ఎవరి బాధ్యత? చేతులు మంటెత్తి, దగ్గు పట్టి పడుకున్న రోజు కూలి ఎవరిస్తారు? చంటిపాపను ఎవరు చూస్తారు? నేను బడిపంతుల్ని. సుగ్గి కాలంలో హాజరు పట్టీ తెరిస్తే మాదిగ, మాల, బోయ పిల్లల పేర్ల ఎదుటనే గైర్హాజరు గీతలు కనబడతాయి.

మన తాతలు జీతమున్నప్పుడు ఆసామి కూడా కంబళి ఇచ్చినాడు, పాతగుడ్డలు ఇచ్చినాడు, పూటకింత సంగటి పెట్టినాడు. అవీ సౌకర్యాలే. కానీ అప్పు తీరేదాకా గడప దాటనీలేదు. అందుకే 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం చేయాల్సి వచ్చింది. గురుతు పెట్టుకోండి: పని మానుకుని పోయినా మన వెంట వచ్చేది హక్కు, పోనీకుండా పట్టి ఉంచేది సంకెల. పీ.ఎఫ్. సొమ్ము కంపెనీ మారినా మన ఖాతాలోనే ఉంటాది. మేస్త్రీ అడ్వాన్సు మన మెడ మీద ఉంటాది.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నాడు. ఆ కాలంలోనే 1945లో ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో సెలవులు, 1946లో వారానికి 48 గంటల పని చట్టమైనాయి. యజమాని దయకు వదలకుండా చట్టంలో రాయించినాడు. తర్వాత 1948లో ఇ.ఎస్.ఐ., 1952లో పీ.ఎఫ్. చట్టాలు వచ్చినాయి. అవి ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి ఆగినాయి, చేను గట్టు దాకా రాలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మాత్రం పని జాగాలో తాగునీరు, నీడ, మందులపెట్టె ఉండాలని రాసింది. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో ఉంటే, వాళ్లను చూసుకోను ఒక ఆమెకు కూలి ఇయ్యాలని కూడా రాసింది. చెరువు పూడిక తీసే ఆమెకు అవసరమైన నీడ, మిరపచేలో ఉన్నప్పుడు ఎట్లా అక్కర్లేకుండా పోతాది?

కాబట్టి బండి ఎక్కే ముందే మాట్లాడుకోవాల. మేస్త్రీ పేరు, రైతు పేరు, ఊరు, కిలోకు కూలి, తీసుకున్న అడ్వాన్సు కాగితం మీద రాయించండి. ఒక కాపీ మన దగ్గర, ఒకటి సంఘం దగ్గర ఉండాల. నీళ్లు, నీడ, జబ్బు చేసిన రోజుకు సగం కూలి, పిల్లల్ని చూసే ఆమెకు పూర్తి కూలి అడగండి. పిల్లల్ని వదిలిపోను సీజనల్ హాస్టలు తెరవమని మండల విద్యాధికారికి ముందుగానే అర్జీ పెట్టండి. ఒక్క ఇల్లు అడిగితే మేస్త్రీ పక్కింటికి పోతాడు. వాడంతా ఒక్క మాట మీద నిలబడితే ఖాళీ బండి తోలుకుని పోలేడు. పండిన మిరపకాయ చెట్టు మీద ఎన్నాళ్లో ఆగదు. తొందర వాళ్లది. ఆ తొందరే మన బలం.