సంతకమే తపాలా బిళ్ల

అమెరికా తపాలా శాఖ తొలి బిళ్లలు 1847లో వచ్చాయి. అంతకుముందు నుంచే అధ్యక్షుల ఉత్తరాలు ఉచితంగా వెళ్లేవి. మడిచి లక్క ముద్ర వేసిన కాగితంపై, చిరునామా ఉన్న వైపు ఒక మూల అధ్యక్షుడి సంతకం ఉంటే చాలు. పక్కనే ‘ఫ్రీ’ అనే మాట కనిపిస్తుంది. జార్జి వాషింగ్టన్ సంతకంతో వెళ్లిన ఉత్తరం దొరికితే సేకర్తకు పండగే. 1841లో పదవి చేపట్టిన నెలకే కన్నుమూసిన విలియం హెన్రీ హారిసన్ అధ్యక్షుడిగా చేసిన సంతకాలైతే మరీ అరుదు.

కొనేవారు ఒకటి గమనించాలి. 1833 తర్వాతి భూమి పట్టాలపై అధ్యక్షుడి పేరును కార్యదర్శులే రాసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో సంతకాల యంత్రాలూ వచ్చాయి. మనిషి చెయ్యి రెండుసార్లు అచ్చంగా ఒకేలా రాయదు. అందుకే రెండు సంతకాలు గీతకు గీత సరిపోతే, నిపుణుడికి చూపించకుండా డబ్బు చెల్లించకండి.