ఒక నాగాకు రెండు రోజుల కోత
(చక్కెర పరిశ్రమ కార్మికుల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



మారిషస్ ద్వీపానికి వెళ్ళి వచ్చిన మన ప్రతినిధివర్గం అక్కడ చూచిన విషయాలను మీ ముందు ఉంచవలసిందిగా నిర్వాహకులు కోరారు. సముద్రతీరపు అందాలను వర్ణించడానికి మేము రాలేదు. ఒక కూలీ లెక్కను గురించి చెప్పడానికి వచ్చాము.

ద్వీపానికి ఉత్తర భాగాన బో ప్లాన్ అనే పాత చక్కెర ఎస్టేటు ఉన్నది. 1797 నాటి ఆ మిల్లు 1999లో మూతపడింది. 2002లో దానిని ప్రదర్శనశాలగా తెరిచారు. పాత యంత్రాలు, ఎత్తయిన పొగగొట్టం నిలిచి ఉన్నవి. ఆ ప్రాంతపు చెరకు తోటలలో నల్లరాళ్ళ గుట్టలు కనబడతాయి. అవి తొలి తరాల కార్మికులు చేతులతో ఏరి పేర్చినవి.

ఎవరివి ఆ చేతులు? మొదట ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుండి తెచ్చిన బానిసలవి. 1835లో అక్కడ బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం చెల్లించింది. అది ముట్టింది బానిసలకు కాదు, యజమానులకు.

యజమానులు అప్పటికే క్రొత్త చేతులను వెదుక్కున్నారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలను పోర్ట్ లూయీ రేవుకు చేర్చింది. అయిదేళ్ళ ఒప్పందం, మగవానికి నెలకు 5 రూపాయల జీతం. ఆ తరువాతి ఎనభై అయిదేళ్ళలో దాదాపు నాలుగున్నర లక్షల మంది ఈ విధంగా వెళ్ళారు. మన కోరంగి రేవులో ఓడ ఎక్కిన తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. వారు దిగిన ‘ఆప్రవాసీ ఘాట్’ లోని 16 రాతి మెట్ల ముందు మేము చాలాసేపు నిలబడిపోయాము.

ఇక ఆ లెక్క. అనుమతి లేకుండా ఒక రోజు నాగా చేస్తే రెండు రోజుల కూలీ కోసేవారు. దాని పేరే ‘డబుల్ కట్’. కాయకష్టం చేసి కూడా నెలాఖరున యజమానికి బాకీపడినవారు ఉన్నారు. ఎస్టేటు దాటి బయట తిరిగితే దేశదిమ్మరి చట్టం క్రింద నిర్బంధం.

ఈ అన్యాయాన్ని వారు మౌనంగా సహించలేదు. 1871లో 9,401 మంది తమ బాధలను మహజరుగా సమర్పించారు. దాని ఫలితంగా విచారణకు రాయల్ కమిషన్ వచ్చింది. 1937లో యూనియన్ ఫ్లాక్ ఎస్టేటులో నలుగురు కాల్పులకు బలి అయ్యారు. మరుసటి సంవత్సరమే కార్మిక సంఘాలకు చట్టబద్ధత లభించింది. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హారెల్‌లో కూలీ పెంపుకై సమ్మె చేస్తున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. మరణించిన నలుగురిలో అంజలై కుప్పన్ గర్భవతి. నేడు ఆమె పేరిట అక్కడ ఒక క్రీడారంగం ఉన్నది.

మిత్రులారా, ఇది గతించిన చరిత్ర అని నిట్టూర్చి ఊరుకుందామా? మహారాష్ట్రలో చెరకు కోతకు వెళ్ళే దంపతులు ముఠాదారు వద్ద ముందుగా అడ్వాన్సు తీసుకుంటారు. ఒక రోజు నాగా పడితే వారిపై జరిమానా పడుతుంది. నెలసరి బాధలతో పని తప్పిపోతుందనే భయానికి బీడ్ జిల్లా స్త్రీలు గర్భసంచులు తీయించుకొన్నారన్న సంగతి 2019లో దేశమంతటికీ తెలిసింది. పేరు మారింది గాని లెక్క మారలేదు.

ఇక్కడ మన పొరపాటును కూడా ఒప్పుకొనవలసియున్నది. మిల్లు గేటు లోపలివారికి సభ్యత్వం ఇచ్చాము. వారి బోనసు కొరకు, గ్రేడుల కొరకు పోరాడాము. పొలంలో చెరకు కోసేవారిని మాత్రం ముఠా మేస్త్రీకి వదిలివేశాము. వారు కోయనిదే మన మిల్లు తిరగదు.

కనుక రాబోయే సీజనులో ప్రతి శాఖా కోత ముఠాల గుడిసెలకు వెళ్ళాలి. వారికి సభ్యత్వం ఇవ్వాలి. మేస్త్రీ పుస్తకాన్ని తెరిపించి, అందులో నాగాను ఏ విధంగా లెక్కకట్టారో చూడాలి. మన పని అక్కడినుండే మొదలు కావాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!