గడియార స్తంభము – మన కాలము

(హనుమాన్ జంక్షన్‌లో యువజనుల సభయందు చేసిన ఉపన్యాసము)



విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ త్రోవలు గలియు ఈ కూడలినుండి సికింద్రాబాదునకు పోవువారు మనలో ననేకులు గలరు. అచ్చటి గడియార స్తంభమును వారు చూచియే యుందురు. 120 అడుగుల ఎత్తుగల ఆ కట్టడము వాహనముల రొద నడుమ నొక తోటలో నిలిచియున్నది. ఈసారి పోయినపుడు క్షణకాల మచ్చట నిలిచి దాని చరిత్రమును తలపోయుడని నా మనవి.

సికింద్రాబాదు ఆంగ్లేయుల దండు విడిసిన యూరు. ఆ స్తంభమును 1897 ఫిబ్రవరి 1వ తేదీన ప్రారంభించినవాడు బ్రిటిషు రెసిడెంటు సర్ ట్రెవర్ ప్లౌడెను. అందలి గడియారమును దానమిచ్చినవాడు ఈ దేశపు వర్తకుడు, దివాన్ బహద్దూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రామగోపాల్. గౌరవము ప్రభువులది; గడియారపు సొమ్ము మనవానిది. పరపాలనమున పెక్కుచోట్ల ఈ లెక్కయే గదా!

కాలమును సైతము ప్రభువులే నిర్ణయించిరి. పూర్వము రైళ్లు మద్రాసు కాలమును బట్టి నడచుచుండెను. 1906 జనవరి 1వ తేదీనుండి దేశమంతటికి నొకే కాలము విధింపబడగా, మద్రాసు గడియారములను సుమారు 9 నిమిషములు, బొంబాయి గడియారములను 39 నిమిషములు ముందునకు జరుపవలసి వచ్చెను. బొంబాయి పౌరులు దీనిని ప్రతిఘటించిరి. ఆ నగరమున పాతకాలము 1955 వరకు వాడుకలో నుండెను. తమ దినచర్యపై తమకే యధికార ముండవలెనని వారి పట్టుదల.

నేడా యధికారము మనది. దేశకాలమునకు ప్రమాణమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడ చేరువనే పోవుచున్నది. కాని మనము కాలము నెట్లు పాటించుచున్నాము? ఐదు గంటలకని ప్రకటించిన సభ ఏడింటికి మొదలగును. ముందువచ్చిన కూలియు, రైతును చాపలపై కూర్చుండి పెద్దలకై ఎదురుచూతురు. న్యాయవాదిని గాన నింకొకటి చెప్పుదును. వాయిదాకు వచ్చిన రైతు కోర్టు వరండాలో ప్రొద్దుగూకువరకు నిలిచి, మరియొక వాయిదాతో ఇల్లు చేరుచుండును. నాడు పోయిన పని యెవరు తిరిగి యిత్తురు? పేదవానినుండి మనము నిరీక్షణ రూపమున గొనుచున్న కప్పమిది.

గాంధీమహాత్ముని నడుమున వ్రేలాడిన గడియారమును స్మరింపుడు. దానిని ధరింపుమని ఏ రెసిడెంటును ఆజ్ఞాపింపలేదు. 1948 జనవరి 30వ తేదీన సర్దారు పటేలుతో సంభాషణము సాగి, ప్రార్థనకు పది నిమిషముల జాగు కాగా, ఆయన అందులకు నొచ్చుకొనుచునే వడివడిగా నడచెను. తనకై వేచియున్న సామాన్యుల కాలమును ఆయన తన కాలముతో సమముగా నెంచెను.

ఆ స్తంభమును కూల్చవలదు, పూజింపను వలదు. చేతిగడియారము లేని బాటసారికిని వేళ తెలుపుట దాని సుగుణము. దానిని మనము గ్రహింతము. మన సభలు చెప్పిన గంటకే మొదలగుగాక! అధ్యక్షులు రాకున్న, వచ్చినవారిలో నొకరు ఆ పీఠమున కూర్చుందురుగాక!

వచ్చు ఆదివారము సభ సాయంకాలము ఐదు గంటలకు. ఐదింటికే ప్రారంభింతము.