చూశావా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నాకు పది నిమిషాలు ఇచ్చారు. ప్రయాణం గురించే చెబుతాను. అయితే మన సైన్సు మాస్టారికి నేనొక బాకీ ఉన్నాను. అది కూడా ఈ పది నిమిషాల్లోనే తీర్చుకోవాలి. ఆయన ఎదురుగానే ఉన్నారు కాబట్టి తప్పించుకునే దారి లేదు.

మా అమ్మాయి డెన్వర్‌లో ఉద్యోగం చేస్తోంది. సెప్టెంబరు ఆఖరులో మేమిద్దరం వెళ్లాం. "నాన్నా, ఇవి ఆకులు రంగు మారే రోజులు. కొండల్లో పాత ఆవిరి రైలు ఉంది, ఎక్కుదాం" అని ముందే టిక్కెట్లు కొనేసింది. రాలిపోయే ఆకులు చూడటానికి డబ్బు పెట్టి రైలెక్కడమేమిటా అనుకున్నాను. ఫాల్గుణంలో పెరట్లో వేపాకు ఊడ్వలేక మా అమ్మ విసుక్కోవడం విన్న చెవులు ఇవి.

కొలరాడో రాష్ట్రం నైరుతి మూలన డురాంగో అనే ఊరు ఉంది. డెన్వర్ నుంచి కారులో దాదాపు ఒక పగలు పట్టింది. అక్కడి నుంచి సిల్వర్టన్‌కు రైలు. దూరం 72 కిలోమీటర్లు, ప్రయాణం మూడున్నర గంటలు. డురాంగో సముద్రమట్టానికి 6,500 అడుగుల ఎత్తున ఉంటే, సిల్వర్టన్ 9,300 అడుగుల ఎత్తున ఉంది. పట్టాల మధ్య దూరం మూడే అడుగులు. కొండల్లో గేజి ఎంత తగ్గితే మలుపు అంత బిగువుగా తిప్పొచ్చు, రాయి అంత తక్కువ పేల్చొచ్చు. 1882లో ఈ లైను సిల్వర్టన్ చేరింది. వెండి, బంగారం ఖనిజాన్ని కిందకు దించడానికి వేశారు. గనులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. 1991లో చివరి పెద్ద గనీ ఆగిపోయింది. ఈ రోజు ఆ రైలుకు మనుషులే సరుకు. మన కొత్తవలస–కిరండూల్ లైను కూడా బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిందే కదా! అక్కడ ఖనిజం ఇంకా నడుస్తూనే ఉంది, దాంతో పాటు అద్దాల పెట్టెల్లో మనమూ అరకు వెళ్తున్నాం.

ఒకచోట కొండ పక్కను పేల్చి చెక్కిన సన్నటి గట్టు మీద రైలు నడిచే మనిషంత నెమ్మదిగా పోతుంది. కిటికీలోంచి చూస్తే కింద నేల కనపడదు. వందల అడుగుల లోతున అనిమాస్ నది పచ్చటి దారంలా ఉంటుంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీ ఇంజనీర్లకు భయముండదా?" అంది. "ఉంటుంది. ఉండబట్టే గట్టు ఇన్నేళ్లు నిలబడింది" అన్నాను. అప్పటికి ఏదో గొప్పగా చెప్పాననే అనుకున్నాను.

ఆ గట్టు దాటాక లోయలో ఆస్పెన్ చెట్లు కనబడ్డాయి. తెల్లటి బోదెలు, పసుపుపచ్చని ఆకులు. ఆకు కాడ చపటగా ఉండటంతో ఏ కాస్త గాలికైనా మన రావి ఆకులా వణుకుతుంది. ఎండలో కొండవాలు మొత్తం గలగలలాడుతున్నట్టుంటుంది. ఇంకో వింత చూశాను. ఒక గుంపు మొత్తం బంగారు రంగు, దాని పక్కనే ఇంకో గుంపు మొత్తం ఆకుపచ్చ, మధ్యలో గీత గీసినట్టు హద్దు. ఒకే వేరు నుంచి పిలకలుగా లేచిన చెట్లన్నీ కలిసి ఒకేసారి రంగు మారతాయట. పైకి వంద చెట్లు, లోపల ఒకే చెట్టు.

పక్క సీటులో ఒక పిల్లవాడు వాళ్లమ్మను అడుగుతున్నాడు, ఆకులకు ఈ రంగు ఎవరు వేశారని. ఆవిడ చెప్పిన జవాబు విని నేను ఉలిక్కిపడ్డాను. "ఎవరూ వెయ్యలేదు, ఆ పసుపు ముందు నుంచీ ఆకులోనే ఉంది" అందావిడ. పగళ్లు తగ్గి రాత్రులు చల్లబడేసరికి ఆకు పత్రహరితం తయారుచేయడం మానేస్తుంది. ఉన్న పచ్చదనం విరిగిపోతుంది. అప్పటిదాకా దాని వెనక దాగిన పసుపు బయటపడుతుంది.

ఈ మాట నేను మొదట విన్నది ఈ బడిలో, తొమ్మిదో తరగతిలో. మాస్టారు తోటకూర నూరి, స్పిరిట్ పోసి, గుడ్డతో వడకట్టి, ఒక గాజు గిన్నెలో పోశారు. అందులో బోర్డు మీద రాసే సుద్దముక్క నిలబెట్టారు. "కాసేపటికి రంగు పైకి పాకుతుంది, పచ్చకు పైన పసుపు పట్టీ కనిపిస్తుంది, ఒక్కొక్కరే వచ్చి చూడండి" అన్నారు. నేను చివరి బెంచీ. నా వంతు రాకముందే గంట కొట్టారు. మర్నాడు రికార్డులో "సుద్దముక్క పైభాగమున పసుపు రంగు పట్టీ కనిపించినది" అని అందంగా రాశాను.

మాస్టారు రికార్డు చదివి తలెత్తి, "చూశావా?" అన్నారు.

"చూశానండి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగి, "సుద్దముక్క బల్ల మీదే ఉంది, కావాలంటే వెళ్లి చూడు" అన్నారు. నేను వెళ్లలేదు. బయట కబడ్డీ నడుస్తోంది. పదికి పది మార్కులు పడ్డాయి.

చిన్న అబద్ధమే. కాని ఆ పదికి పది నాకొక అలవాటు నేర్పింది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక పంప్‌హౌస్ పని చేస్తున్నాం. పునాది బోల్టులన్నీ బిగించారో లేదో చూసి సంతకం పెట్టాల్సింది నేను. సాయంత్రం జోరు వాన. షెడ్డులో కూర్చుని "తనిఖీ చేయడమైనది" అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు పంపు నడిపితే ఊగిపోయింది. ఊడిన గార్డు తగిలి ఒక హెల్పర్ కుర్రవాడి రెండు వేళ్లు పోయాయి. నాకంటే చిన్నవాడు. విచారణలో పెద్ద ఇంజనీరు గారు నన్ను అడిగిన మొదటి మాట, "చూశావా?" ఆ రోజు మాత్రం "లేదండి" అన్నాను. నాకొక ఇంక్రిమెంటు ఆగింది, తర్వాత వచ్చింది. అతని వేళ్లు రాలేదు.

రైలు నీళ్ల కోసం ఒకచోట ఆగింది. 1920లలో తయారైన ఇంజన్ అది. డ్రైవరు నూనె డబ్బా పట్టుకుని దిగి, చక్రాల పక్కన నడుస్తూ, బేరింగుల దగ్గర చేతి వెనక భాగం ఆనించి వేడి చూసుకుంటున్నాడు. రోజూ నడిపే బండే. నిన్న బాగుందని ఈ రోజు వదిలెయ్యలేదు.

అదే నది గురించి సిల్వర్టన్‌లో దిగాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. 2015 ఆగస్టు 5న ఆ ఊరికి పైన, మూతబడిన గోల్డ్ కింగ్ గని ముఖద్వారం దగ్గర అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆధ్వర్యంలో తవ్వుతున్నారు. లోపల నీళ్లు నిండా లేవని అనుకున్నారు. ఉన్నాయి. 30 లక్షల గ్యాలన్ల ఆమ్లపు నీళ్లు, మన లెక్కలో కోటి లీటర్లకు పైగా, ఒక్కసారిగా కిందకు దూకాయి. అనిమాస్ నది పసుపు రంగుకు మారిపోయింది. పైనుంచి డ్రిల్లు వేసి నీటిమట్టం చూసుకుని ఉంటే ఇది జరిగేది కాదని బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ నివేదిక తేల్చింది. మంచి పని చేయడానికి వెళ్లినవాళ్లే, నేర్పున్నవాళ్లే. ఒక్కటే చెయ్యలేదు, చూడలేదు.

ఆస్పెన్ బోదెల మీద కొమ్మలు రాలినచోట నల్లటి మచ్చలు ఉంటాయి, అచ్చం కళ్లలా. తిరుగు ప్రయాణమంతా ఆ కళ్లు నన్నే చూస్తున్నట్టనిపించింది. చుట్టూ అందరం ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీస్తున్నాం. నా ఫోన్‌లోనూ రెండు వందల దాకా ఉన్నాయి. ఎన్ని ఆకులు చూశానని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక విన్నపం. ఈ ఏడు సంఘం నిధిలోంచి మన ల్యాబుకు ఏదైనా కొందామంటే పెద్ద యంత్రాలు వద్దు. ప్రతి పిల్లవాడికీ తన సొంత గిన్నె, తన సొంత సుద్దముక్క ఉండేలా చూద్దాం. చివరి బెంచీ వంతు గంట కొట్టేలోపే రావాలి. దానికయ్యే ఖర్చు మొదటి ఏడు నాది.

ఇక బాకీ. మొన్న ఆదివారం మా ఇంట్లో తోటకూర నూరాను. మందుల షాపులో స్పిరిట్ కొన్నాను. సుద్దముక్క పక్కవాళ్ల మనవరాలు ఇచ్చింది. వంటింటి గట్టు మీద ముగ్గురం నిలబడి చూశాం. మొదట పచ్చ పాకింది. తర్వాత, దానికి పైన, సన్నగా, వేలి గోరంత వెడల్పున పసుపు వచ్చింది. మీకు చూపిద్దామని దాచాను కాని, వెలుగు తగిలి అది వెలిసిపోయింది. అందుకని చేతిలో రుజువేమీ లేదు, నా మాటే నమ్మాలి.

మాస్టారూ, ఆ రోజు అబద్ధం చెప్పాను, క్షమించండి. ఇప్పుడు చూశానండి.

సెలవు.