మెదడులో గడ్డ ఎందుకు వస్తుంది?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళము. అయినా ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కమిటీ వారు అడిగారు. కారణం మీకు తెలియంది కాదు. మన మొహల్లాల్లో "దిమాగ్‌లో రసోలి" అన్న మాట వినపడగానే ఆ ఇంట్లో మొదట మొదలయ్యేది వైద్యం కాదు, విచారణ. ఎవరి వల్ల వచ్చింది? నజర్ తగిలిందా? కొత్త కోడలు అడుగు పెట్టిన వేళ మంచిది కాదా? తల్లి కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందా? ఆఖరుకు చిన్నప్పుడు సారు తల మీద కొట్టాడు, అందుకే వచ్చిందనే దాకా పోతుంది. (పిల్లల్ని కొట్టడం తప్పే, అది వేరే సంగతి. కాని తలకు తగిలిన దెబ్బ వల్ల రసోలి పుడుతుందని ఇంతవరకు రుజువు కాలేదు.)

అసలు రసోలి అంటే ఏమిటి? మన శరీరం కోట్లాది కణాలతో కట్టిన ఇల్లు. ప్రతి కణానికీ ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో లోపల ఒక రాత ఉంటుంది. ఆ రాతలో తప్పు దొర్లితే కణం ఆగకుండా పెరిగి గడ్డ కడుతుంది. ఈ తప్పు చాలావరకు దానంతట అదే జరుగుతుంది, వయసుతో పాటు కొన్ని రకాలు ఎక్కువవుతాయి. మెదడులో పుట్టే గడ్డలన్నీ క్యాన్సర్ కావు. మెదడు పైపొరలో వచ్చే మెనింజియోమా అనే రకం ఎక్కువగా స్త్రీలలో కనిపిస్తుంది, చాలావరకు ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది. అయితే పుర్రె మూత బిగించిన డబ్బా లాంటిది. లోపల ఏది పెరిగినా మెదడునే నొక్కుతుంది.

డాక్టర్లు గట్టిగా చెప్పగలిగిన కారణాలు కొన్నే ఉన్నాయి. ఒకటి, తలకు ఎక్కువ మోతాదులో తగిలిన రేడియేషన్. 1950ల ప్రాంతంలో ఇజ్రాయెల్‌లో తల తామరకు మందుగా వేలాది పిల్లల తలలకు ఎక్స్‌రే కిరణాలు పట్టించారు. ఏళ్ళు గడిచాక వాళ్ళలో మెదడు గడ్డలు మామూలు కంటే చాలా ఎక్కువగా బయటపడ్డాయి. ఇది విని, డాక్టరు అవసరమని రాసిన స్కానింగు మానుకునేరు! ఆ మోతాదు వేరు, ఈ మోతాదు వేరు. రెండోది, కొన్ని కుటుంబాలలో వంశం వెంట వచ్చే అరుదైన జబ్బులు. ఒళ్ళంతా కాఫీరంగు మచ్చలు, చర్మం మీద మెత్తని బుడిపెలు వచ్చే న్యూరోఫైబ్రోమటోసిస్ వాటిలో ఒకటి. ఎక్కువమంది రోగులకు ఈ రెండూ ఉండవు. కారణమేమిటని అడిగితే "తెలియదు" అనే డాక్టరే నిజం చెప్పినట్టు.

సెల్‌ఫోన్ సంగతి అందరూ అడుగుతారు. దుబాయిలో కొడుకు, బోధన్‌లో తల్లి, మధ్యలో ఉన్నది ఆ ఫోనొక్కటే, భయం ఉండదా మరి? 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ సంస్థ దాన్ని "బహుశా హాని చేయవచ్చు" అనే వర్గంలో పెట్టింది. తర్వాత 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగి చేయించిన పెద్ద పరిశీలనలో ఫోనుకూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. తల్లులు నిశ్చింతగా మాట్లాడండి.

ఇక మన ఇంటి గుమ్మంలో ఉన్న సంగతికి వస్తాం. మెదడులో కనిపించే క్యాన్సర్ గడ్డలలో అక్కడే పుట్టిన వాటికంటే వేరే చోట పుట్టి రక్తం వెంట పైకి చేరినవే ఎక్కువ. ముఖ్యంగా ఊపిరితిత్తుల నుంచి, స్త్రీలలో రొమ్ము నుంచి. నిజామాబాద్, బోధన్, ఆర్మూరులలో ఎన్ని ఇళ్ళలో బీడీ ఆకు కత్తిరిస్తారో లెక్కే లేదు. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతబడ్డాక చాలా కుటుంబాలకు ఆ చాట, ఆ తునికాకే దిక్కయింది. ఆ పనిని మేము నిందించము, మా బడి పిల్లల పుస్తకాలు ఆ కూలితోనే వస్తున్నాయి. కాని తాగేవారితో ఒక్క మాట. బీడీ పొగ సిగరెట్టు కంటే తేలికేమీ కాదు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రాచబాట. మెదడు గడ్డ కారణాలలో మనం చేతులారా ఆపగలిగింది ఏదైనా ఉందంటే ఇదే.

ఇంకొక సంగతి. స్కానులో కనబడ్డ ప్రతి గడ్డా రసోలి కాదు. బోధన్ వైపు ఒక అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి. స్కానులో మచ్చ కనిపించింది. కాగితం ఇంటికి చేరేలోగా "రసోలి అట" అని వీధంతా పాకింది, ఖాయమైన సంబంధం కాస్తా తప్పిపోయింది. తర్వాత హైదరాబాదు డాక్టర్లు చూసి, అది పురుగు తిత్తి అని తేల్చారు. మందులతోనే నయమైంది. పోయిన సంబంధం మాత్రం మళ్ళీ రాలేదు.

మన దేశంలో ఫిట్స్ వచ్చినవారి స్కానులో కనిపించే చిన్న మచ్చలను ఒకప్పుడు ఎక్కువగా టీబీ గడ్డలే అనుకునేవారు. వాటిలో చాలావరకు బద్దె పురుగు తిత్తులని 1990 ప్రాంతాల్లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు చూపించారు. ఆ అమ్మాయి తండ్రి మాతో, "సారూ, అది పంది మాంసంతో వచ్చే పురుగట గద. మా ఇంట్ల ఆ పేరే ఎత్తం, ఎట్ల వస్తది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. సరిగా ఉడకని ఆ మాంసం తిన్నవారికి పురుగు పేగులో పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటపడి నీళ్ళలో, చేతుల మీద, పచ్చి కూరగాయల మీద చేరతాయి. ఆ గుడ్లు ఎవరి నోట పడితే వారి మెదడులో తిత్తి కట్టవచ్చు. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో పంది మాంసం ముట్టని యూదు కుటుంబాలలోనే ఈ జబ్బు బయటపడింది. వంటపని వారిలో ఒకరి నుంచి వచ్చి ఉంటుందని తేల్చారు. కాబట్టి మన హలాల్ వంటింట్లో కూడా కొత్తిమీర, ముల్లంగి బాగా కడగాలి, మరుగుదొడ్డికి పోయివచ్చిన చేతులు సబ్బుతో కడగాలి.

ఇవి కనబడితే ఆలస్యం వద్దు: రోజురోజుకీ పెరుగుతూ తెల్లవారుజామున లేపే తలనొప్పి, దానితో వాంతి, ఎన్నడూ లేని మనిషికి పెద్ద వయసులో ఫిట్స్, చూపు మసకబారడం, ఒక చెవి వినబడకపోవడం, ఒక చెయ్యో కాలో బలం తగ్గడం, మాట తడబడటం. తలనొప్పి ఉన్న ప్రతివారికీ రసోలి ఉండదు, చాలామందికి ఉండదు. అయినా ఫిట్స్ వస్తే తావీజు కట్టినా కట్టకపోయినా, ముందు డాక్టరు దగ్గరికి నడవండి. దువాకూ దవాకూ తగువు లేదు.

నిజామాబాద్ పెద్దాసుపత్రిలో మొదలుపెట్టి, అవసరమైతే హైదరాబాదు నిమ్స్‌కు పోవచ్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో మెదడు గడ్డ ఆపరేషన్లు కూడా ఉన్నాయి. పోయేటప్పుడు పాత స్కాను ఫిల్ములు, చీటీలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్ళండి. ఫారాలు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండి ఇబ్బంది అయితే, సాయంత్రం నమాజు తర్వాత మా దగ్గరికి తెండి, కూర్చుని నింపి ఇస్తాము.