పల్లెకు పుస్తకము మోసిన యువకులు

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



గ్రామాభ్యుదయమునందు యువజనుల పాత్రను గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు కోరిరి. ఈ విషయమున ఉపదేశము చెప్పువారికి సులభము, వినువారికే కష్టము. కావున మన తెలుగునాట జరిగిన ఒక పనిని గూర్చి మాత్రము చెప్పెదను.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. దానికి ప్రాణము పోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి అప్పటికి ఇరువదినాలుగేండ్లు నిండలేదు. 1907లో బిపిన్ చంద్రపాలు మన ప్రాంతమున పర్యటించినపుడు రగిలిన ఉత్సాహము, వారివంటి యువకుల చేతులలో పల్లెపల్లెకు పుస్తకముల బీరువాగా, రాత్రి పాఠశాలగా మారినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమునకు నాంది పలికినదియు హిందూ యువజన సంఘమే. చదువురానివారికి పుస్తకమెందుకని అడుగువారు ఆనాడును ఉండిరి. ఒకరు పత్రిక బిగ్గరగా చదువుచుండగా పదిమంది చుట్టును చేరి వినుటయే వారికి సమాధానమైనది.

అన్నిటికంటె నాకు ముచ్చట గొలుపునది పడవ గ్రంథాలయము. గుంటూరు జిల్లా పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణముగారు 1935లో, తమ 28వ ఏట, పెదవడ్లపూడి మొదలు పెదపులివర్రు వరకు కాలువపై సాగు పడవలో పుస్తకములుంచిరి. ఆనాడు కృష్ణా డెల్టాలో కాలువయే రాచబాట. పడవ నడక మెల్లన. అంతసేపు ఊరక కూర్చుండవలసినవారి చేతికి పుస్తకమందించుట ఎంత తెలివైన యోచన! దానికి మేడ అక్కరలేకపోయినది, శంకుస్థాపన అక్కరలేకపోయినది. జనులు ఏ దారిన పోవుచున్నారో గమనించి పుస్తకమును ఆ దారినే పంపిరి.

1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనము వచ్చినది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినవి. మేలే జరిగినది. కాని జీతమిచ్చి తలుపు తెరిపింపవచ్చును గాని, సాయంకాలము ఇంటింటికి పోయి నలుగురిని పిలుచుకొనివచ్చు పిల్లవానిని ఏ ఉత్తరువును పుట్టింపజాలదు. ఉత్తరువులు వ్రాయుటయే వృత్తిగాగల నేనీ మాట యనుట మీకు వింతగా తోచవచ్చును.

ఇక మన సంగతి. నేడు మన ప్రాంతపు గ్రంథాలయములలో తరచుగా కనిపించువారు ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీయువకులు. ఆ పరీక్షలు దాటి వచ్చినవారు ఈ సభలోనే ఎందరో కలరు. మన పిల్లలా, వేసవిలో తాతగారి ఊరికి పోవుదురు. తెలుగు చక్కగా మాటలాడుదురు, పలువురికి చదువుట రాదు. ఆ ఊరి యువకులు వీరికి అక్షరములు నేర్పవచ్చును. మనము వారికి పరీక్షల మార్గము చూపవచ్చును. ఇందుకు నిధులు అక్కరలేదు, ఒక బల్లయు, సాయంకాలము రెండు గంటల వ్యవధియు చాలును.

ఈ మే మాసమున సెలవుపై పోవువారు తమ ఊరి గ్రంథాలయమును ఏ వేళకు తెరచుచున్నారో, అచట కూర్చుండువారు ఎవరో కనుగొని వచ్చి, జూన్ సమావేశమున తెలుపవలెనని కోరుచున్నాను.