కోత మానేదాకా



బిడ్డను కన్న తల్లిని మనం బాలింత అంటాం. పక్కింటి కన్నడంవాళ్లు బాణంతి అంటారు. పేరేదైనా ఆమెకు విశ్రాంతి కావాలని రెండిళ్లవాళ్లకూ తెలుసు. అయితే సిజేరియన్ అయిన తల్లి బాలింతే కాదు, పెద్ద ఆపరేషన్ అయిన మనిషి కూడా. ఈ రెండో సంగతే మనం మరిచిపోతుంటాం.

మా తరగతిలో ఒక అమ్మాయి వారం రోజులు బడికి రాలేదు. అడిగితే, "అమ్మకు ఆపరేషన్ అయింది మిస్. నాయన తెల్లారే రైలుకు బెంగళూరు పోతాడు. నీళ్లు నేనే పట్టాల" అంది. 2001లో బంగారు గనులు మూతపడినప్పటి నుంచి కె.జి.ఎఫ్.లో ఎన్నో ఇళ్లది ఇదే కథ. ఆ పిల్ల పట్టకపోతే పచ్చి బాలింత బిందె ఎత్తేది.

కోత పైకి మానినట్టు కనిపించినా, లోపలి పొరలు గట్టిపడడానికి ఆరు వారాలైనా కావాలి. అందాకా బిడ్డకంటే బరువైనది తల్లి ఎత్తకూడదు. ఇంటి మగవాళ్లు రాత్రే తొట్టి నింపి, పక్కన చెంబు పెట్టి పోతే తల్లికీ మేలు, పిల్ల చదువుకూ మేలు.

విశ్రాంతి అంటే మంచం దిగకపోవడం కాదు. డాక్టరు చెప్పగానే, మామూలుగా మరునాటికల్లా, మెల్లగా నడవాలి. నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. దగ్గు వస్తే కోత మీద దిండు ఆనించుకోవాలి. పథ్యమని నీళ్లు తగ్గించకండి. రాగిముద్ద, ఆకుకూర పప్పు, గుడ్డు పెట్టండి. కోత మీద పసుపు, బూడిద, నూనె పూయకండి. శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు.

ప్రభుత్వ ఆసుపత్రిలో, 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద, సిజేరియన్, మందులు, ఏడు రోజుల దాకా భోజనం, ఇంటికి చేర్చే బండి ఉచితం. కాబట్టి డాక్టరు పంపేదాకా తొందరపడి ఇంటికి రావద్దు.

జ్వరం, కోతలో చీము, దుర్వాసన గల స్రావం, గంటకో గుడ్డ తడిసే రక్తస్రావం, ఒక పిక్కలో వాపూ నొప్పీ, ఆయాసం, చూపు మసకబారే తలనొప్పి. వీటిలో ఒక్కటి కనిపించినా అమావాస్య అనీ, పెద్దలను అడగాలనీ ఆగకండి. వెంటనే ఆసుపత్రికి పోండి. బండి లేకపోతే 108కి ఫోను చేయండి.

ఆ అమ్మాయి మళ్లీ బడికి వచ్చింది. సంగతి తెలిసి, పక్కింటి కన్నడం ఆమె రోజూ నాలుగు బిందెలు పోసిందట. ఆపరేషన్ చేసేది డాక్టరే. కోత మాననిచ్చేది మాత్రం ఇల్లూ, ఇరుగుపొరుగూ.